పబ్లిక్ గార్డెన్స్: వెళ్లిపోయినవి, ఉండిపోయినవి

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఏముంది అని అడిగితే హైదరాబాదులో ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. బడి పిల్లలకు అది మమ్మీ ఉన్న మ్యూజియం. విలేకరులకు అసెంబ్లీ, జూబ్లీ హాల్. నాటకాలు, నాట్య ప్రదర్శనలు చూసేవాళ్లకు లలిత కళా తోరణం. శుక్రవారం నమాజుకు వచ్చేవాళ్లకు షాహీ మసీదు. వేసవి సెలవుల్లో పిల్లల్ని డ్యాన్సు, డ్రాయింగ్ క్లాసులకు తీసుకొచ్చేవాళ్లకు జవహర్ బాల భవన్. దాన్ని ముందుగా తోట అని చెప్పేది పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లే.

ఇన్ని సంస్థలు ఒక తోటలోకి ఎలా వచ్చాయి, ఎవరు తెచ్చారు, ఏది ఎవరి చేతిలో ఉంది అన్న చోట చాలామంది తికమకపడతారు. పర్యాటక కరపత్రాలు వీటన్నిటినీ 'చూడదగినవి' అంటూ ఒకే వరసలో రాసేస్తాయి. కానీ ఇవి ఒకే కాలానివి కావు, ఒకే ఉద్దేశంతో కట్టినవీ కావు. పైగా ఆ కరపత్రాల్లో కనపడని సంగతి ఇంకొకటి ఉంది. ఈ తోటలో మొదలై, ఇక్కడ చోటు చాలక బయటికి వెళ్లిపోయినవి రెండున్నాయి. ఒకటి ఏటా జనవరిలో జరిగే పారిశ్రామిక ప్రదర్శన నుమాయిష్, రెండోది జూ పార్కు. ఏవి వెళ్లాయి, ఏవి ఉండిపోయాయి, ఎందుకలా జరిగింది అని చూస్తే పబ్లిక్ గార్డెన్స్ చరిత్రలోని చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

నాకు అర్థమైనంతలో, ఈ తోటను పాలించిన ఏ ప్రభుత్వమూ దాన్ని పూర్తిగా తోటలా చూడలేదు. ఊరి నడిమధ్య చేతిలో ఉన్న ఖాళీ జాగాలా చూసింది. నిజాం కాలంలోనూ అంతే, తర్వాత వచ్చిన ప్రభుత్వాల కాలంలోనూ అంతే. ఇవాళ అక్కడ చూడటానికి ఇన్ని ఉన్నాయంటే కారణం అదే. తోట తగ్గిపోవడానికి కారణమూ అదే.

మూసీ అవతలి తోట

ఈ తోట 1846లో ఏర్పడిందని ఎక్కువ చోట్ల రాసి ఉంటుంది. అప్పుడు గద్దె మీద ఉన్నది నాలుగో నిజాం నాసిరుద్దౌలా. ఆ రోజుల్లో దీని పేరు బాగ్-ఎ-ఆమ్, అంటే అందరి తోట. పాత హైదరాబాదీలు ఇప్పటికీ అలాగే పిలుస్తారు.

అప్పటి నగరాన్ని ఒక్కసారి ఊహించుకోవాలి. హైదరాబాద్ అంటే మూసీకి దక్షిణాన, గోడ లోపల, చార్మినార్ చుట్టూ ఉన్న ఊరు. నదికి ఉత్తరాన ఇప్పటి కోఠి దగ్గర బ్రిటిష్ రెసిడెన్సీ. ఇంకా పైకి వెళితే హుస్సేన్‌సాగర్, దాని అవతల సికింద్రాబాద్ కంటోన్మెంట్. నాంపల్లి ఈ రెండు ఊళ్లకూ మధ్యలో ఉండేది. జాగాకు కొదవ లేదు, జనం తక్కువ.

నవాబులకు, జాగీర్దార్లకు సొంత తోటలుండేవి. బషీర్‌బాగ్, జాంబాగ్, కుందన్‌బాగ్ అని ఇవాళ మనం బస్సు కండక్టరుకు చెప్పే పేర్లలో ఆ తోటల కాలం వినిపిస్తుంది. నిజాం ప్రధానమంత్రిగా పనిచేసిన ఆస్మాన్ జా ప్యాలెస్ బషీర్‌బాగ్‌లో ఉండేది. ఇప్పుడు ఆ ప్యాలెస్సూ లేదు, బాగ్ కూడా లేదు. సొంత ఆస్తి వారసుల మధ్య పంచుకుంటారు, అమ్ముకుంటారు, ప్లాట్లు వేస్తారు. బాగ్-ఎ-ఆమ్ ప్రభుత్వానిది కాబట్టి ఆ గండం నుంచి బయటపడింది. దాని గండం వేరే రూపంలో వచ్చింది.

ముందు రైలు వచ్చింది. 1874లో నిజాం రైల్వే సికింద్రాబాద్ చేరింది. తర్వాత 1907లో నాంపల్లిలో స్టేషన్ కట్టారు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ దెబ్బకు నగర పాలన తీరే మారిపోయింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహా ప్రకారం ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు వచ్చాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. కొత్త కట్టడాలు, కొత్త బస్తీలు నదికి ఉత్తరాన పెరిగాయి. ఊరి బయట ఉన్న తోట ఇలా కొన్నేళ్లలోనే ఊరి మధ్యకు వచ్చేసింది. ఊరి మధ్యకు వచ్చిన ఖాళీ జాగా మీద అందరి కన్నూ పడుతుంది.

పుట్టినరోజు కానుక శాసనసభ అయింది

ఇప్పటి అసెంబ్లీ తెల్ల భవనాన్ని శాసనసభ కోసమే కట్టారని చాలామంది అనుకుంటారు. అది టౌన్ హాల్. పూర్తి పేరు మహబూబియా టౌన్ హాల్. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా నగర ప్రజలు చందాలు వేసుకుని కట్టించినది. 1905లో పునాదిరాయి వేశారు.

మహబూబ్ అలీ పాషా పుట్టింది 1866 ఆగస్టులో. మరి 1905లో నలభై ఎలా నిండాయన్న అనుమానం కొందరికి వస్తుంది. అప్పటి దర్బారు లెక్క హిజ్రీ సంవత్సరాల్లో. చాంద్రమానపు ఏడాది మన క్యాలెండరు కంటే పదీ పదకొండు రోజులు తక్కువ కాబట్టి నలభై ఏళ్లు పూర్తయ్యేసరికి ఏడాదికి పైగా ముందుకు జరుగుతుంది. అలా 1905 సరిపోతుంది. నిజాం కాలం తేదీల్లో ఏడాది అటూ ఇటూ తేడా కనిపిస్తే ముందు ఈ లెక్క వేసి చూడటం మంచిది.

ఆ హాలు పూర్తయ్యేసరికి 1913 వచ్చింది. ఎవరి పుట్టినరోజు కోసం కట్టారో ఆయన 1911లోనే చనిపోయాడు. గద్దె మీదికి కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ వచ్చాడు. జూబ్లీ హాల్ కూడా ఏడో నిజాం కాలపు కట్టడమే. 1937లో ఆయన రజతోత్సవాలకు అదే వేదిక.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ భారత యూనియన్‌లో కలిసింది. 1952లో మొదటిసారి ఎన్నికైన శాసనసభ వచ్చింది, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యాడు. 175 మంది సభ్యులు కూర్చోవడానికి పెద్ద హాలు కావాలి. నగరంలో ఘనంగా కనిపించే పెద్ద హాలు చేతిలోనే ఉంది. టౌన్ హాల్ శాసనసభ అయింది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక సభ్యుల సంఖ్య పెరిగింది. చివరికి అది 294 దగ్గర నిలిచింది. సభలు, సమావేశాల కోసం కట్టిన పాత హాలు అంతమందికి, వాళ్ల వెంట వచ్చే కార్యాలయాలకు సరిపోలేదు. 1980ల్లో పక్కనే కొత్త భవనం వచ్చింది. 1985లో రద్దయిన శాసనమండలి 2007లో తిరిగి ఏర్పడినప్పుడు మళ్లీ హాలు కోసం వెతుకులాట. ఈసారి జూబ్లీ హాల్ దొరికింది. 2014లో రాష్ట్రం రెండుగా విడిపోయినప్పుడైతే కొంతకాలం రెండు రాష్ట్రాల సభలూ ఈ ఒక్క ఆవరణలోనే నడిచాయి. 2017 మార్చిలో ఆంధ్రప్రదేశ్ సభ వెలగపూడికి వెళ్లిపోయింది. ఈమధ్య ఆగా ఖాన్ ట్రస్టు ఆధ్వర్యంలో పాత భవనానికి మరమ్మతులు జరిగాయి. పైన పూసిన ఆధునిక పూతలు తీసేసి సున్నం పనితో బాగుచేసే పద్ధతి వాళ్లది. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర చూసినవాళ్లకు అది తెలిసే ఉంటుంది.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. టౌన్ హాల్ జనం డబ్బుతో, జనం కూడటానికి వచ్చింది. శాసనసభ అయిన రోజు నుంచి అందులోకి వెళ్లాలంటే పాసు కావాలి. చుట్టూ కంచె, గేట్లు, పోలీసులు వచ్చాయి. శాసనసభకు ఆ భద్రత అవసరమే, కాదనను. కానీ ఆ భవనం చుట్టూ ఉన్న తోట భాగం కూడా దానితోపాటే జనానికి దూరమైంది. పబ్లిక్ గార్డెన్స్‌లో మనం పోగొట్టుకున్న పచ్చదనంలో నరికినదాని కంటే కంచె వెనక్కి వెళ్లినదే ఎక్కువేమో అనిపిస్తుంది.

అసెంబ్లీకి ఎదురుగా ఉన్న గన్ పార్కును కూడా కొందరు పబ్లిక్ గార్డెన్స్‌లో భాగమే అనుకుంటారు. అది రోడ్డుకు అవతల, విడిగా ఉన్న చిన్న పార్కు. 1969 తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలు కోల్పోయినవారి స్మారక స్తూపం అక్కడుంది. దాన్ని రూపొందించిన శిల్పి ఎక్కా యాదగిరిరావు. స్తూపానికి 1970లో పునాది పడింది, పూర్తయ్యేసరికి 1975 అయింది. ఇవాళ ఏ పార్టీ ఎమ్మెల్యేలైనా ముఖ్యమైన రోజున ముందు స్తూపానికి నివాళి అర్పించి, తర్వాత రోడ్డు దాటి సభకు వెళ్తారు.

చోటు చాలక వెళ్లిపోయినవి

1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల సంఘం వాళ్లకు ఒక ఆలోచన వచ్చింది. సంస్థానంలో తయారయ్యే వస్తువులన్నీ ఒకచోట చూపించాలి. రాష్ట్ర ఆర్థిక పరిస్థితి మీద సర్వే చేయడానికి డబ్బు కావాలి, ఆ డబ్బు ప్రదర్శన మీద రాబట్టాలి. అప్పటి ప్రధానమంత్రి సర్ అక్బర్ హైదరీ సరేనన్నాడు, ఏడో నిజాం ప్రారంభించాడు. పేరు నుమాయిష్ మస్నువాత్-ఎ-ముల్కీ, అంటే స్థానిక వస్తువుల ప్రదర్శన. వేదిక ఈ తోటే. చేతిలో రెండున్నర రూపాయలతో మొదలుపెట్టారని నుమాయిష్ గురించి చెప్పేవాళ్లంతా చెబుతారు.

ఏటేటా స్టాళ్లు పెరిగాయి, జనం పెరిగారు. తోట తట్టుకోలేకపోయింది. 1946లో, మీర్జా ఇస్మాయిల్ ప్రధానమంత్రిగా ఉన్నప్పుడు, నుమాయిష్‌ను మోజంజాహీ మార్కెట్ దగ్గరి ఇప్పటి మైదానానికి మార్చారు. తర్వాతి రెండేళ్ల గందరగోళంలో అది జరగలేదు. 1949లో రాజగోపాలాచారి ప్రారంభించినప్పటి నుంచి అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన అయింది. ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతుంది. జనవరి ఒకటి వచ్చిందంటే హైదరాబాదులో ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు ఒక లిస్టు రాసుకుని తయారుగా ఉంటారు. కశ్మీరీ శాలువాలు, లక్నో చికెన్ కుర్తాలు, మిర్చీ బజ్జీలు, జెయింట్ వీలు. జూన్‌లో మృగశిర కార్తె రోజు చేప మందు కోసం జనం బారులు తీరేది కూడా అదే మైదానంలో. ఇదంతా తోటలోనే ఉండిపోయి ఉంటే ఒక్క గడ్డి పరక కూడా మిగిలేది కాదు.

రెండోది జూ. హైదరాబాద్ పాత జంతుప్రదర్శనశాల ఈ తోటలోనే ఉండేది. నిజాం కాలం నుంచి వచ్చిన జంతువులు, పక్షులు ఇక్కడి బోనుల్లో ఉండేవి. 1950ల నాటికి ఇది పనికిరాదని తేలిపోయింది. ఒకపక్క రైల్వే స్టేషన్, ఒకపక్క శాసనసభ, మధ్యలో పులి గాండ్రింపు! 1959లో కొత్త జూ పని మొదలైంది. మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాలు ఎంచుకున్నారు. 1963 అక్టోబర్ 6న నెహ్రూ జూలాజికల్ పార్కును జనానికి తెరిచారు.

ఆ చోటు ఎంచుకోవడంలో తెలివి ఉంది. మీర్ ఆలం చెరువు పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కట్టినది. దాని కట్ట వరసగా 21 అర్ధచంద్రాకారపు వంపులతో ఉంటుంది. నీటి తోపుడును ఒక్కో వంపు పక్కల ఉన్న దిమ్మెల మీదికి మళ్లిస్తుంది. ఇంజనీర్లు ఇప్పటికీ దాన్ని చూడటానికి వస్తారు. పక్కనే నీళ్లుంటే జంతువులకు, చెట్లకు, వలస పక్షులకు అన్నిటికీ ఆధారం. బోనుల బదులు చుట్టూ కందకం తవ్వి, జంతువును కాస్త విశాలమైన జాగాలో వదిలే పద్ధతి అక్కడ వీలైంది. 1974లో లయన్ సఫారీ వచ్చింది. తోటలోని బోనుల్లో ఇవేవీ సాధ్యం కాదు.

ఈ రెండూ వెళ్లిపోవడం మంచిదే అయింది. నుమాయిష్ బాగుపడింది, జూ బాగుపడింది. తోట మాత్రం పెద్దగా బాగుపడలేదు. ఖాళీ అయిన చోటు ఖాళీగా ఉండలేదు కాబట్టి. జనం గుంపులుగా వచ్చేవి, చప్పుడు చేసేవి వెళ్లిపోయాయి. గోడలు, ఆఫీసులు, బోర్డులు ఉన్నవి ఉండిపోయాయి, వాటికి తోడు కొత్తవి వచ్చాయి. పిల్లల కోసం బాల భవన్, ఎన్టీఆర్ హయాంలో ఆరుబయట రంగస్థలం లలిత కళా తోరణం, 1985లో తెలుగు విశ్వవిద్యాలయం, ఇందిరా ప్రియదర్శిని ఆడిటోరియం, హెల్త్ మ్యూజియం, ఉద్యాన శాఖ కార్యాలయం. పొట్టి శ్రీరాములు పేరుతో ఉన్న తెలుగు విశ్వవిద్యాలయానికి 2025లో తెలంగాణ ప్రభుత్వం సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది. వీటిలో ఏ ఒక్కటీ అనవసరమైనది కాదు. లలిత కళా తోరణంలో వెన్నెల రాత్రి కూచిపూడి చూసినవాళ్లు దాన్ని తీసేయమంటారా? అందుకే ఈ సమస్యకు దోషి దొరకడు. ఒక్కొక్కటీ మంచి పనే, అన్నీ కలిస్తే తోట ఇరుకైంది.

మ్యూజియం: మమ్మీ దగ్గరే ఆగిపోతే నష్టం

ఇన్నిటి మధ్యలో ఒక్కటి మాత్రం తీరిగ్గా చూడాలంటే నేను మ్యూజియమే చెబుతాను. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖను పెట్టింది. దాని మొదటి అధిపతి గులామ్ యజ్దానీ. తవ్వకాల్లో దొరికినవి, సేకరించినవి పెట్టడానికి 1930లో హైదరాబాద్ మ్యూజియం ఏర్పడింది. 1960లో ఆంధ్రప్రదేశ్ స్టేట్ మ్యూజియం అయింది, తర్వాత వైఎస్ఆర్ పేరు చేరింది, రాష్ట్రం వచ్చాక తెలంగాణ స్టేట్ మ్యూజియం అయింది. పేర్లు మారినప్పుడల్లా ఆన్‌లైన్ మ్యాపులు తికమకపడతాయి. దారుషిఫా వైపున్న సాలార్‌జంగ్ మ్యూజియం వేరు, ఇది వేరు. అది ఒక్క కుటుంబం కొన్న వస్తువుల ఖజానా. ఇది చాలావరకు ఈ నేలలో దొరికినవాటి ఖజానా.

అయినా ఈ నేలకు ఏ సంబంధమూ లేని వస్తువుకే ఇక్కడ గిరాకీ ఎక్కువ. ఈజిప్టు మమ్మీ. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌండ్లకు కొన్నాడని, ఏడో నిజాంకు కానుకగా ఇచ్చాడని, ఆయన మ్యూజియానికి ఇచ్చేశాడని చరిత్ర. దేశంలో మమ్మీలు కొద్ది చోట్లే ఉన్నాయి. కోల్‌కతా, ముంబై, జైపూర్, వడోదర, లక్నోలతో పాటు మన హైదరాబాద్. ఈమె పేరు నైషు అని, ఫారో కూతురని చెబుతారు. రాజకుమారి కథ వినడానికి బాగుంటుంది. అమ్మేవాడు కొనేవాడికి రాజవంశం అనే చెబుతాడు అన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. రెండు వేల ఏళ్లకు పైబడిన మనిషి శరీరం అన్నది మాత్రం నిజం, అది చాలు ఒళ్లు జలదరించడానికి.

ఈజిప్టులో మమ్మీ నిలిచింది ఎండిపోయిన గాలి వల్ల. హైదరాబాదులో జులై, ఆగస్టు నెలల్లో గాలి ఎలా ఉంటుందో మనకు తెలుసు. తేమ, దానితో బూజు, సూక్ష్మజీవులు, గుడ్డను మెల్లగా తినేసే ఆక్సిజన్. చుట్టిన బట్ట చివికిపోవడం మొదలయ్యాక ఎక్స్‌రే, సీటీ స్కాన్ తీయించి లోపలి ఎముకల స్థితి చూశారు. తర్వాత ఆక్సిజన్ లేని గాజు పెట్టెలోకి మార్చారు. గాలిలో ఆక్సిజన్ తీసేసి నైట్రోజన్ నింపితే పురుగూ బతకదు, బూజూ పట్టదు, బట్ట రంగు మారడమూ నెమ్మదిస్తుంది. పిల్లలకు ఆ గాజు పెట్టె సంగతి కూడా చెప్పి చూడండి, మమ్మీ కంటే దాని మీదే ఎక్కువ ప్రశ్నలు వేస్తారు.

మమ్మీ తర్వాత తిన్నగా బయటికి వచ్చేసేవాళ్లు పోగొట్టుకునేది అజంతా నకళ్లు. అజంతా ఇక్కడ ఎందుకు? ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న ఔరంగాబాద్ ప్రాంతం అప్పుడు నిజాం రాజ్యంలో భాగం. అజంతా గుహల బాగోగులు హైదరాబాద్ పురావస్తు శాఖ చూసేది. అజంతా చిత్రాలకు నకళ్లు తీయడం అనేది అంతకుముందే ఒక విషాద కథ. బ్రిటిష్ సైనికాధికారి రాబర్ట్ గిల్ ఏళ్ల తరబడి కూర్చుని వేసిన బొమ్మలు 1866లో లండన్‌లో మంటల్లో పోయాయి. తర్వాత బొంబాయి చిత్రకళా పాఠశాల నుంచి వచ్చిన గ్రిఫిత్స్ బృందం వేసినవాటిలో చాలా భాగం 1885లో మళ్లీ లండన్‌లోనే కాలిపోయాయి. గులామ్ యజ్దానీ కాలంలో ఇటలీ నుంచి నిపుణులను పిలిపించి గోడల మీద పెచ్చులూడుతున్న చిత్రాలను అతికించే పని చేయించారు. అప్పుడు పూసిన వార్నిష్ తర్వాత పసుపురంగుకు తిరగడం వేరే తలనొప్పి. సయ్యద్ అహ్మద్, జలాలుద్దీన్ లాంటి హైదరాబాద్ చిత్రకారులు గుహల చీకట్లో కూర్చుని నకళ్లు వేశారు. గోడ మీది బొమ్మ ఏటికేడు మసకబారుతుంటే, నకలు ఒకప్పుడు అది ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యంగా మారుతుంది. అజంతాలో టార్చి వెలుగులో సగం కనిపించిన బోధిసత్వ పద్మపాణిని ఇక్కడ నిదానంగా చూడొచ్చు.

మిగతావి త్వరగా చెబుతాను. విశాఖ దగ్గరి బావికొండలో దొరికిన, బుద్ధుడిదని నమ్మే అస్థిక ఉన్న భరిణె. చోళ కాలపు కంచు విగ్రహాలు. కాకతీయుల రాతి శిల్పాలు. నాణేల సేకరణ చాలా పెద్దది. బీదర్ కూడా అప్పుడు నిజాం రాజ్యమే కాబట్టి బిద్రీ వస్తువులున్నాయి. జింకు, రాగి మిశ్రమం మీద వెండి తీగలు పొదిగి, బీదర్ కోట మట్టితో నల్లబరచి చేసే పని అది.

మ్యూజియం బయట తెల్లగా కనిపించే షాహీ మసీదు 1924లో ఏడో నిజాం కట్టించినది. నిజాం శుక్రవారం నమాజుకు ఇక్కడికి వచ్చేవాడని చెబుతారు. అది ఇప్పటికీ నమాజు జరిగే మసీదు కాబట్టి చూడటానికి వెళ్లేవాళ్లు ఆ వేళలు చూసుకుని వెళ్లాలి.

ఎవరిది ఈ తోట?

చెట్లు ఉద్యాన శాఖవి. అంటే నగరంలోని చాలా పార్కుల్లా ఇది కార్పొరేషన్ చేతిలో లేదు. మ్యూజియం వారసత్వ శాఖది. రంగస్థలాలకు, బాల భవన్‌కు వాటి వాటి శాఖలున్నాయి. అసెంబ్లీ ఆవరణ శాసనసభ సచివాలయం అధీనంలో ఉంటుంది. ఒక బెంచీ విరిగినా, ఒక కుళాయి కారినా ఎవరికి చెప్పాలో తెలియని స్థితి ఇందుకే. ఒక్కో శాఖా తన కాంపౌండు వరకే చూసుకుంటుంది. కాంపౌండుకు కాంపౌండుకు మధ్యలో మిగిలిందే మనకు తోటగా కనిపిస్తోంది.

జూబ్లీహిల్స్‌లోని కేబీఆర్ పార్కుతో పోలిస్తే తేడా తెలుస్తుంది. అక్కడా నిజాం వారసుల చిరాన్ ప్యాలెస్ ఉంది, ఆస్తి తగాదాలున్నాయి, చుట్టూ నగరంలోనే ఖరీదైన నేల ఉంది. కానీ 1998లో దాన్ని జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. మూడు వందల యాభై ఎకరాలకు పైగా ఉన్న ఆ జాగా వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వచ్చింది. ఆ హోదా ఉన్నచోట సరిహద్దు మార్చాలన్నా కేంద్ర స్థాయి వన్యప్రాణి బోర్డు దాకా వెళ్లాలి. అందుకే ఫ్లైఓవర్ల కోసం చుట్టూ చెట్లు కొట్టాలన్నప్పుడు 2016లో అంత గొడవ జరిగింది, గొడవ చేయడానికి చేతిలో ఒక చట్టం ఉంది. పబ్లిక్ గార్డెన్స్‌లో ఇంకో ఆడిటోరియం కట్టాలంటే ఆ స్థాయి అడ్డంకి లేదు. ఇక్కడ నెమళ్లు లేవు, ఇది అడవి కాదు. భవనాల పురాతనత్వం గురించి మాట్లాడేవాళ్లున్నారు, భవనాల మధ్య మిగిలిన మట్టి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. తోటను తోటగా కాపాడే చట్టం మనకు బలహీనం. అడవినైతే అడవిగా, కట్టడాన్నైతే కట్టడంగా కాపాడతాం.

నా మాటేమిటంటే, కొత్త భవనం వద్దు అనే ఒక్క నిర్ణయం చాలు. ఉన్నవాటిని కూల్చమని ఎవరూ అడగక్కర్లేదు. నుమాయిష్‌కు, జూకు చేసినట్టు, పెరిగి పెద్దదైనదాన్ని బయటికి పంపడం ఈ నగరానికి కొత్త కాదు. పంపిన తర్వాత ఆ జాగాను తోటకు తిరిగి ఇవ్వడం మాత్రమే ఎప్పుడూ చేయలేదు.

వెళ్లాలనుకుంటే

మెట్రో రెడ్ లైన్‌లో అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే గన్ పార్కు, అసెంబ్లీ నడక దూరంలోనే ఉంటాయి. అసెంబ్లీని బయటి నుంచే చూడాలి. సమావేశాలు జరిగే రోజుల్లో చుట్టూ బారికేడ్లు, ట్రాఫిక్ టెన్షన్ ఉంటాయి, ఆ రోజులు వదిలేయండి. రాష్ట్ర అవతరణ దినోత్సవంలాంటి ప్రభుత్వ వేడుకలు కూడా కొన్నిసార్లు ఈ తోటలోనే జరుగుతాయి కాబట్టి జూన్ మొదటివారంలో వెళ్లేవాళ్లు ముందే వాకబు చేసుకోవాలి.

పచ్చదనం కోసమైతే పొద్దున్నే రండి, పాత చెట్ల కింద నడవడానికి అదే సమయం. మ్యూజియం కోసమైతే తీరిగ్గా పూట గడిపేలా రండి, పిల్లలుంటే అజంతా నకళ్లు ముందు చూపించి మమ్మీని చివరికి ఉంచండి. ముందే మమ్మీని చూస్తే తర్వాత ఏదీ చూడరు. తోట నుంచి నాంపల్లి స్టేషన్ వైపు బయటికొస్తే యూసుఫైన్ దర్గా ఆ చుట్టుపక్కలే. ఇంకాస్త ఓపిక ఉంటే మోజంజాహీ మార్కెట్ దాకా నడవండి. దారిలో ఎడమా కుడీ చూసుకుంటూ వెళితే ఎగ్జిబిషన్ మైదానం గేటు కూడా కనిపిస్తుంది. మార్కెట్ దగ్గర పండ్లతో చేసే ఐస్‌క్రీం దొరుకుతుంది, సీతాఫలం సీజనైతే అదే అడగండి.